శాలువా కప్పిన చేతులు

అనగనగా అన్నాను కదా అని ఏ ఏడు, ఏ నెల అని నన్ను నిలదీయకండి. గాడిదలు కూడా ఉన్నమాట మొహం మీద చెప్పగలిగిన కాలమది. ఆ కాలంలో పెద్దేరు ఒడ్డున వేణీపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని మానధనుడనే రాజు ఏలుతుండేవాడు.

మానధన మహారాజుగారు చెడ్డవారు కారు. అదే నా బాధ, పిల్లలూ. చెడ్డవారైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. మంచి మనసుతో చేసే తెలివితక్కువ పని ఉంది చూశారూ, దానితోనే వచ్చింది చిక్కంతా.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా పని బాగా వచ్చిందని తెలిస్తే చాలు, రాజుగారు సభకు పిలిపించి, పట్టు శాలువా కప్పి, మాన్యమండపంలో పీట వేయించేవారు. శాలువా పడిన మనిషి ఇక పనిముట్టు ముట్టకూడదు. ముడితే శాలువాకు మరక. శాలువాకు మరకంటే రాజుగారి పరువుకు మరక. ముట్టినవాణ్ణి పెళ్లాం పిల్లలతో సహా పొలిమేర దాటించేవారు.

మొదట్లో ఇలా లేదు. రాజుగారి ముత్తాత కాలంలో ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. చేతులు వణుకుతున్నా కొయ్య చెక్కే బాడిస వదిలేవాడు కాడు. ముత్తాత జాలిపడి ఒక శాలువా కప్పి, "చాలు తాతా, ఇక కూర్చో" అన్నాడు. మంచి మాటే అన్నాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

తాతగారి కాలం వచ్చేసరికి, ముసలివాళ్లకే ఎందుకు, బాగా చేసేవాళ్లందరికీ కప్పుదాం అన్నారు. తండ్రిగారి కాలం వచ్చేసరికి, కప్పించుకున్నవాడు పని చేయడం నామోషీ అన్నారు. మానధనులవారి కాలానికి అది నేరం అయి కూర్చుంది. ఎవరూ ఒకచోట నిలబడి, ఇది ఎందుకు మొదలైందని అడగలేదు. ఆచారం కదా, అడగరు.

రాజుగారి గడ్డం నున్నగా గీసే క్షురకుడు ఒకడు ఉండేవాడు. శాలువా కప్పారు. ఇప్పుడు రాజుగారి చెంపల మీద పొద్దున్నే గాట్లు. ఏ వంకాయనైనా వెన్నలా వండిపెట్టే వంటవాడు ఒకడు ఉండేవాడు. శాలువా కప్పారు. ఇప్పుడు అంతఃపురంలో పూటకొక కూర మాడుతోంది. కోట కప్పు కారకుండా పెంకు నేసేవాడు ఒకడు ఉండేవాడు. అతనికీ కప్పారు. ఇప్పుడు వాన వస్తే సింహాసనం తడుస్తోంది. దానికేం చేశారంటారా? సింహాసనాన్ని పక్కకు జరిపారు.

ప్రతి ఉదయం రాజుగారు సభలో తల పట్టుకునేవారు. "గుండయ మంత్రీ! ఇంత పెద్ద రాజ్యంలో పని వచ్చినవాడు ఒక్కడూ దొరకడేం? పనివాళ్లంతా ఏమైపోయారయ్యా?"

గుండయ మంత్రి నిట్టూర్చేవాడు. "కాలం మారిపోయింది మహాప్రభూ. ఈ కాలం వాళ్లకు పని మీద శ్రద్ధ లేదు."

వాళ్లిద్దరూ ఆ మాట అనుకుంటున్నప్పుడు, ఎదురుగా మాన్యమండపంలో ఆ రాజ్యపు పనివాళ్లంతా వరసగా పీటల మీద కూర్చుని, నేతి భోజనం అరగక త్రేనుస్తూ ఉండేవారు. చెబుతుంటేనే నాకు తలనొప్పి వస్తోంది. సరే, కథలోకి పోదాం.

పెద్దేటి నడిమధ్యన కందలంక అనే దీవి ఉంది. వేణీపురం తినే కంద, అరటి, కూరగాయలన్నీ ఆ లంకలోనే పండేవి. లంకలో కాపురం ఉన్నవాళ్లే పండించేవారు. వానాకాలంలో ఏరు పొంగి లంకను ముంచెత్తుతుంది. ఏరు పొంగకముందే అక్కడి జనాన్ని పడవల్లో ఇవతలి ఒడ్డుకు చేర్చాలి. ఏటేటా జరిగే పనే. అందుకని ఆ రాజ్యానికి కోట లేకపోయినా జరుగుతుంది గానీ పడవ లేకపోతే జరగదు.

పడవలు చేయడంలో తిప్పన పేరు మోసినవాడు. పలకను వేలితో తట్టి, పుచ్చు ఎక్కడుందో చెప్పేవాడు. పలకకూ పలకకూ మధ్య సందుల్లో నార కూరి, పైన కాచిన గుగ్గిలం పోశాడంటే ఆ పడవలోకి చుక్క నీరు దిగేది కాదు. అంత బాగా చేస్తే ఊరుకుంటారా? శాలువా కప్పారు.

తిప్పన భార్య పేరు నీలసాని. కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుడి పక్కన కూర్చుని నార పేని, గుగ్గిలం కాచి, బాడిస పట్టి, పనంతా నేర్చుకుంది. మనిషి గట్టిది. నోరు ఇంకా గట్టిది.

ఒకరోజు వాళ్లింట్లో పీట కాలు ఊడింది. తిప్పన దాని ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. చేయి ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది.

"ఏమయ్యా, దానికేసి అలా చూస్తే అదే అతుక్కుంటుందా?" అంది నీలసాని.

"ముట్టకూడదు కదే నీలా. ఎవరైనా చూస్తే పొలిమేర దాటించేస్తారు" అన్నాడు తిప్పన నీరసంగా. "నిన్న కలలో బాడిస పట్టుకున్నాను. మెలకువ వచ్చి భయమేసింది."

నీలసానికి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ఊరిలోకల్లా మంచి పనివాడు సొంత ఇంట్లో పీట కాలు దిగ్గొట్టలేక కలలు కంటున్నాడు! తనే ఒక మేకు తెచ్చి పీటను బాగుచేసింది.

ఆ రోజే ఆమె ఒక ఒట్టు పెట్టుకుంది. 'నాకు గానీ ఆ శాలువా పడిందో, ఇక ఈ రేవులో పడవ తేలదు. పడనివ్వను.'

అప్పటి నుంచి రేవులో పడవల పని ఆమే చేసేది. పలక గట్టిగా, సందు బిగువుగా, అడుగు సమంగా చేసేది. ముక్కు మాత్రం కావాలని వంకరగా తిప్పేది. ఆమె చేసిన ప్రతి పడవా ఎవరిమీదో అలిగి మూతి తిప్పుకున్నట్టుండేది. రాజుగారు రేవుకు వచ్చినప్పుడల్లా వాటిని చూసి, "ఛీ ఛీ, ఏమిటీ వంకర పని!" అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయేవారు.

నీలసాని ఊపిరి పీల్చుకునేది. కానీ మనసులో చివుక్కుమనేది కూడా. బాగా చేసి, బాగా చేయలేదనిపించుకోవడం మాటలు కాదు.

ఇదంతా ఆమె దేనికి పడుతోందంటే, కందలంకలో ఆమె కూతురు ముత్తి కాపురం ఉంది. ముత్తికి చంటిబిడ్డ. ఏరు పొంగినప్పుడు ఆ బిడ్డ ఇవతలికి రావాలంటే పడవ కావాలి, ఆ పడవ కారకూడదు. నీలసానికి తెలిసిన రాజకీయమంతా అంతే.

ఆ దారిన రోజూ ఒక గాడిద పోతుండేది. నేతగాళ్ల పేట నుంచి కోటకు శాలువాల మూట మోసేది అదే. నీలసాని పెట్టే తవుడు కోసం రేవు దగ్గర ఆగేది.

"అక్కా, నా వీపు మీద మోస్తున్నవి గౌరవాలట" అనేది గాడిద. "నాకు మాత్రం బట్టల బరువే తెలుస్తోంది."

"జాగ్రత్తే! బాగా మోస్తున్నావని తెలిస్తే నీకూ ఒకటి కప్పుతారు" అనేది నీలసాని.

"అందుకే అప్పుడప్పుడూ దారిలో పడుకుండిపోతుంటాను" అనేది గాడిద. చూశారా, గాడిదకు తెలిసింది!

అలా ఉండగా ఒక ఏడు తొలకరి ముందే వచ్చింది. పై ఊళ్లలో వానలు దంచి కొడుతున్నాయని కబురు. రేవులో చూస్తే సగానికి పైగా పడవలు పాతబడి, పలకలు విచ్చుకుని ఉన్నాయి. నీలసాని ఒక్కతీ ఎన్నిటికని నార కూరుతుంది? కోటకు వెళ్లి మొరపెట్టుకుంది.

"ఏలినవారూ, పడవలు బాగుచేయడానికి మనుషులను ఇప్పించండి. ఏరు రాకముందే కానివ్వాలి."

రాజుగారు చెంప మీది గాటు తడుముకుంటూ, "మనుషులెక్కడున్నారమ్మా? దేశమంతా గాలించినా పని వచ్చినవాడు లేడే!" అని వాపోయారు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది, నిజంగానే వాపోయారు. అక్కడే ఉంది చూడండి విడ్డూరం.

అయితే రాజుగారు ఊరుకోలేదు. పక్క రాజ్యాల్లో చాటింపు వేయించారు. పడవ పని తెలిసినవాళ్లు వేణీపురం వస్తే మంచి కూలి, ఉండడానికి ఇల్లు, తినడానికి సన్నబియ్యం ఇస్తామన్నారు. ఏటి దిగువ నుంచి పడవ పనివాళ్లు గుంపుగా వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచే పనిలో దిగారు. నీలసాని వాళ్ల చేతిపని చూసి, 'అమ్మయ్య, బతికాం' అనుకుంది.

మొదటి పడవ తయారైంది. నీళ్లలోకి దించితే హంసలా తేలింది. రాజుగారు చప్పట్లు కొట్టారు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నారు. "ఇంత పనితనమా! వీళ్లను గౌరవించకపోతే మనం మనుషులమేనా? గుండయా, శాలువాలు తెప్పించు!"

"అయ్యో, ఆగండి, ఆగండి!" అని నీలసాని రేవులోంచి కేకలు పెడుతూ పరుగెత్తింది. ఆమె మెట్లు ఎక్కేలోగా బాజాలు మోగాయి. గుంపులో ఉన్న ప్రతివాడికీ శాలువా పడింది. సగం చెక్కిన రెండో పడవ, దాని పక్కన బాడిసలు, ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

దిగువ ఊరివాళ్లకు ఏమీ అర్థం కాలేదు. "మేం పనికి వచ్చాం కదండీ?" అని అడిగారు.

"పని అయిపోయింది, ఇక భోంచేయండి" అన్నాడు మంత్రి.

నీలసాని గట్టు మీద కూలబడి నెత్తి బాదుకుంది. నేనైతే ఏరు ఈదుకుంటూ వేరే రాజ్యానికి పోయేవాణ్ణి.

రాజుగారు మళ్లీ ఆలోచించారు. బయటివాళ్లు కాకపోతే, మన కుర్రవాళ్లకే నేర్పిద్దామన్నారు. మంచి ఆలోచనే. మాన్యమండపంలో ఉన్న పెద్ద పనివాళ్లను గురువులుగా, ఊరి కుర్రకారును శిష్యులుగా కూర్చోబెట్టారు. ఒకటే షరతు. గురువులు శాలువా కప్పుకున్నవాళ్లు కాబట్టి పనిముట్టు ముట్టకూడదు. కుర్చీలోంచి నోటితోనే నేర్పాలి.

తిప్పన కుర్చీలో కూర్చున్నాడు. "నార కూరు" అన్నాడు.

ఒక కుర్రవాడు కూరాడు. "ఇంత గట్టిగానా గురువుగారూ?"

"కాదు, ఇంకాస్త."

"ఇంతనా?"

"మరీ అంత కాదు. అబ్బా, అలా కాదురా! వేలికి తెలుస్తుంది. ఇలా..." అంటూ తిప్పన లేవబోయాడు. పక్కనున్న భటుడు గొంతు సవరించుకున్నాడు. తిప్పన మళ్లీ కూర్చుని, చేతులను శాలువాలో దాచుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

మాటలు వినీ వినీ కుర్రవాళ్లు ఎలాగో ఒక పడవ చేశారు. గుండయ మంత్రి పూలదండ వేసుకుని అందులో ఎక్కాడు. పడవ రేవు దాటలేదు. నడుముల్లోతు నీళ్లలోనే అడుగు విచ్చుకుంది. మంత్రిని తడిసిన దండతో సహా బయటికి లాగారు.

ఇంతా చేస్తే, ఆ కుర్రవాళ్లలో ఒకడు కూరిన సందు మాత్రం కారలేదని తేలింది. ఒక్కడైనా నేర్చుకున్నాడు కదా అని సంతోషించాలా, వద్దా? రాజుగారూ సంతోషించారు. ఆ కుర్రవాడికి, మీసమైనా సరిగా రానివాడికి, ప్రోత్సాహకరంగా ఉంటుందని శాలువా కప్పారు!

నీలసాని ఈసారి నెత్తి బాదుకోలేదు. గుగ్గిలం కుండ కింద మంట పెట్టుకుని తన పని తాను చేసుకుంటూ పోయింది. రోజులో ఉన్న వెలుతురంతా వాడుకుంది. అయినా సందులు మిగిలే ఉన్నాయి, ఏరు పెరుగుతూనే ఉంది. పారే నీళ్లు ఎర్రబడ్డాయి. చెట్టుకొమ్మలు కొట్టుకువస్తున్నాయి. అవతల కందలంకలో జనం దిబ్బ మీదికి చేరి, బట్టలు ఊపుతూ పిలుస్తున్నారు. ఆ వడిలో పడవ నడపగల సరంగులకూ ఎప్పుడో శాలువాలు పడ్డాయి, తేలే పడవ ఉన్నా నడిపేవాళ్లు లేరు. అంత దూరం నుంచి ముత్తి ఎవరో, ఇంకొకరు ఎవరో తెలియడం లేదు. నీలసాని మాత్రం తల ఎత్తినప్పుడల్లా వెతికేది.

కోటలో రాజుగారు కంగారుపడ్డారు. రేవులో ఏ పడవలు పనికొస్తాయో చూసి రమ్మని భటులను పంపారు. భటులు అన్నిటినీ నీళ్లలోకి తోసి చూశారు.

"మహాప్రభూ, సొగసైన పాత పడవలన్నీ కారుతున్నాయి. దిగువ ఊరివాళ్లు చేసిన ఒక్కటి తీస్తే, కారనివి కొన్నే ఉన్నాయి. అవన్నీ వంకర ముక్కువే" అని చెప్పారు.

రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు. "వంకర ముక్కువా? అవి ఎవరు చేశారు?"

"తిప్పన భార్య నీలసాని."

"ఇన్నాళ్లూ అంత పనిమంతురాలిని గుర్తించలేదా! ఎంత అపచారం!" రాజుగారు లెంపలు వేసుకున్నారు. "ఇప్పుడే బయలుదేరదాం. అన్నిటికంటే మంచి శాలువా తీయండి."

ఏరు రేవు మెట్లను మింగుతోంది. జనం దిబ్బ మీద అరుస్తున్నారు. రాజుగారు శాలువా పట్టుకుని బయలుదేరారు! ఏమనాలో మీరే చెప్పండి.

ముందు బాజాలు, వెనక శాలువాల మూటతో గాడిద, ఆ వెనక మాన్యమండపంలోని పెద్దలంతా గొడుగులు వేసుకుని వరసగా రేవుకు వచ్చారు. ఎవరికి శాలువా కప్పినా మిగతా శాలువాలు హాజరు కావడం ఆచారం. వాళ్లలో తిప్పన కూడా ఉన్నాడు. లంక వైపు చూస్తున్నాడు, భార్య వైపు చూస్తున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

నీలసాని బోర్లించిన పడవ మీద వంగి నార కూరుతోంది.

"అమ్మా నీలసానీ, లే" అన్నారు రాజుగారు ప్రేమగా. "ఇలా రా. ముహూర్తం దాటిపోతోంది."

నీలసాని తల ఎత్తింది. బాజాలను చూసింది, శాలువాను చూసింది. గాడిద తల వంచుకుని, "నేను దారిలో పడుకున్నానక్కా. లేపేశారు" అంది.

"ఇప్పుడా, ఏలినవారూ?" అంది నీలసాని. ఆమె గొంతు మెత్తగానే ఉంది. వినేవాళ్లకు మాత్రం భయం వేసింది.

"ఇప్పుడే. ఆలస్యమైందని మేమే సిగ్గుపడుతున్నాం."

"ఇది కప్పితే నేను సుత్తి వదిలేయాలి కదా?"

"అవును మరి. ఇక నీకు కష్టపడే పని లేదు."

"నేను వదిలేస్తే ఈ పడవకు నార ఎవరు కూరుతారు?"

రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రి ఆకాశం వైపు చూశాడు. "ఎవరో ఒకరు దొరక్కపోరు. వెతికిద్దాం" అన్నారు రాజుగారు.

అప్పుడు నీలసాని లేచి నిలబడింది. ఇన్నేళ్లు మింగినదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఎక్కడ వెతికిస్తారండీ? అటు తిరిగి చూడండి! మీ వెనక నిలబడ్డవాళ్లెవరు? ఆ గొడుగు కింద ఉన్నది నా మొగుడు, ఈ ఏటికల్లా మంచి పడవ పనివాడు. ఆ పక్కన దిగువ ఊరివాళ్లు. ఆ చివర, ఎంత వడిలోనైనా తెడ్డు వేయగల సరంగులు. వీళ్లందరినీ మీరే వెతికి పట్టుకున్నారు, మీరే కూర్చోబెట్టారు, మళ్లీ మీరే పనివాళ్లు లేరని ఏడుస్తున్నారు! లంకలో నా కూతురు, దాని చంటిబిడ్డ ఉన్నారు. నా చేతులు ఆగితే వాళ్లు మునిగిపోతారు. మీకు నా చేతులు కావాలా, నా భుజాల మీద ఈ గుడ్డ కావాలా? తేల్చి చెప్పండి. నాకు టైము... నాకు తీరిక లేదు!"

చూశారా, కోపంలో ఆమెకు నా మాట కూడా అంటింది. నన్ను క్షమించండి.

రాజుగారు వెనక్కి తిరిగారు. ఏళ్ల తరబడి ఎదురుగా ఉన్న మనుషులనే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. క్షురకుడు, వంటవాడు, పెంకు నేసేవాడు, సరంగులు, పడవ పనివాళ్లు, మీసం రాని కుర్రవాడు. అందరూ వానలో గొడుగుల కింద, రెండేసి చేతులతో, ఊరికే నిలబడి ఉన్నారు.

నీలసాని జవాబు కోసం ఆగలేదు. పడవ దగ్గరికి వంగి చూస్తే నార అయిపోయింది. ఇంకా జానెడు సందు మిగిలే ఉంది. వెనక్కి తిరిగి, రాజుగారి చేతిలోని పట్టు శాలువాను లాక్కుని, పళ్లతో కొరికి చర్రున చీల్చింది. ఆ పీలికను మెలిపెట్టి సందులో కూరి, సుత్తితో దిగ్గొట్టింది.

బాజాలు ఆగిపోయాయి. మంత్రి గుడ్లు తేలేశాడు.

ఆ చప్పుడు విన్న తిప్పన ఇక నిలవలేకపోయాడు. పొలిమేర దాటిస్తారని తెలుసు. గొడుగు పారేశాడు. ఒంటి మీది శాలువా తీసి నడిమికి చీల్చి, పక్క పడవ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోదీ పోయింది.

"వేలు పెట్టి చూడవయ్యా! నువ్వు చెప్పినదే కదా" అని అరిచింది నీలసాని.

తిప్పన కళ్లు మూసుకుని సందు మీద వేలు పెట్టాడు. మూడో దెబ్బ సరిగా పడింది.

ఇక ఎవరూ ఆగలేదు. దిగువ ఊరివాళ్లు శాలువాలు చీల్చారు. కుర్రవాడు చీల్చాడు. గాడిద మూటంతా నేల మీద దొర్లించింది. గుగ్గిలం కాచే పొయ్యి వానకు ఆరిపోబోతుంటే, ఒకరు పెద్ద తెల్ల గొడుగు తెచ్చి దాని మీద పట్టారు. నీలసాని "ఇంకొంచెం ఇటు పట్టు" అని కసిరి, తలెత్తి చూస్తే, పట్టుకున్నది మహారాజుగారు. ఆయన బుద్ధిగా ఇటు పట్టారు.

సరంగులు పడవలెక్కారు. కూర్చుని కూర్చుని మెత్తబడిన అరచేతులు రెండుసార్లు తెడ్డు వేసేసరికే బొబ్బలెక్కాయి. ఒక పడవ వడికి తట్టుకోలేక సగం దారిలోంచి వెనక్కి వచ్చి, మళ్లీ బయలుదేరింది. పొద్దు వాలేవరకూ తిరిగారు. ఆఖరి పడవ ఒడ్డుకు వచ్చేసరికి కందలంక దిబ్బ మీద నీళ్లు పారుతున్నాయి.

ముత్తి దిగింది. చంకలో బిడ్డ తడిసి ముద్దై, ఊరంతా వినబడేలా ఏడుస్తోంది. నీలసాని ఆ ఏడుపు వింటూ అక్కడే బురదలో కూర్చుండిపోయింది. తిప్పన బిడ్డను ఎత్తుకోబోయి, చేతుల నిండా గుగ్గిలం ఉందని ఆగాడు. ముత్తే బిడ్డను తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది.

మనుషులంతా దక్కారు. గొడ్లు సగం దక్కలేదు. ఇళ్లూ, పంటా ఏటిపాలయ్యాయి. పడవలు వేళకు తయారై ఉంటే అవి కూడా దక్కేవి. ఈ మాట నేను కావాలనే చెబుతున్నాను. ప్రాణాలు దక్కాయి కదా అని అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోవడం నాకు నచ్చదు.

మర్నాడు సభ కూడింది. గుండయ మంత్రి లేచి, "మహాప్రభూ, ఆచారం ప్రకారం నిన్న పనిముట్టు ముట్టినవాళ్లందరినీ పొలిమేర దాటించాలి" అన్నాడు.

రాజుగారు ఆయన వైపు తిరిగారు. "దాటించు. మళ్లీ ఏరు పొంగినప్పుడు నువ్వు వెళ్లి నార కూరు."

మంత్రి కూర్చున్నాడు.

"నీలసానీ, తప్పు మాది" అన్నారు రాజుగారు. "నీకేం కావాలో కోరుకో."

మంత్రి ఉండబట్టలేక మళ్లీ లేచాడు. "ఇంత తెలివైన ఇల్లాలికి బంగారు అంచుతో, ఇంకా పెద్ద శాలువా..."

"కూర్చోవయ్యా!" అని సభంతా ఒక్కసారి అరిచింది.

నీలసాని అంది, "నాకేమీ వద్దు, ఏలినవారూ. నా మొగుడిని రేవుకు పంపండి. ఆయన పక్కన నేర్చుకునే పిల్లలను కూర్చోబెట్టండి. ఆయన చేత్తో చేసి చూపించనివ్వండి, వాళ్లు తప్పు చేస్తే చేయి పట్టుకుని దిద్దనివ్వండి. మిగతావాళ్లనూ అలాగే వాళ్ల పనుల్లోకి పంపండి. గౌరవించాలనుకుంటే మంచి కూలి ఇవ్వండి, మంచి పనిముట్లు ఇవ్వండి, వాన పడకుండా ఒక పాక వేయించండి."

రాజుగారు ఒప్పుకున్నారు. మాన్యమండపంలో పీటలు తీయించి, దాన్నే పని నేర్పే చోటు చేశారు. కొందరు పెద్దలు నేతి భోజనం పోయిందని సణిగారు. సణగనీ. తిప్పన మాత్రం సూర్యోదయానికి ముందే రేవుకు వెళ్లి, పిల్లలు వచ్చేవరకూ బాడిస పదును పెట్టుకుంటూ కూర్చునేవాడు.

అలా చేయాలని అందరికీ ముందే తట్టి ఉంటే లంకలో గొడ్లు బతికేవి, నాకు ఇంత కథ చెప్పే శ్రమ తప్పేది. కాబట్టి పిల్లలూ, పిల్లల పక్కన కూర్చుని వింటున్న పెద్దలూ, ఇది గుర్తుపెట్టుకోండి: పని వచ్చినవాణ్ణి పనికి దూరం చేసి, నేర్చుకునేవాణ్ణి అతనికి దూరం చేసి, ఆపైన పనివాళ్లు లేరని ఏడ్చే హక్కు ఎవరికీ లేదు.